“మా కాలనీ”లో “మా” ఎవరు?

ఈనాడు హైదరాబాదు మధ్యతరగతి ఏ నలుగురు కలిసినా సంభాషణ చివరికి గజం ధర దగ్గర ఆగుతుంది. పెళ్లిపందిట్లో అదే మాట, మా పాఠశాల ఉపాధ్యాయుల గదిలోనూ అదే మాట. జీవితంలో ఇంత చోటు ఆక్రమించిన వస్తువు కథల్లోకి రావడం సహజం, రావలసిందే. అయితే అది ఎవరి కళ్లతో వచ్చిందని అడగడం విమర్శ బాధ్యత.

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన రచనలను పరిశీలించే పని నా మీద పడింది. వాటిలో ఏడు కథలు నగరంలోని నేల గురించినవి. ఆరింటికి మూస ఒక్కటే: రిటైరైన ఉద్యోగి, జీవితకాలపు పొదుపుతో కొన్న ప్లాటు, దాన్ని కబ్జా చేసిన దుర్మార్గుడు, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్లు. చివర దుర్మార్గుడు జైలుకైనా పోతాడు, ఉద్యోగి కాటికైనా పోతాడు. ఆ దుఃఖం అబద్ధమని నేననను. శిల్పం దృష్ట్యా రెండు మూడు మెచ్చదగినవే. కాని దుర్మార్గుడు జైలుకు పోయిన మర్నాడు గజం ధర దిగివచ్చిందా? అద్దె తగ్గిందా? ఈ ప్రశ్న రచయితలకు తట్టలేదు. వ్యవస్థ నడిపే పనిని ఒక వ్యక్తి గుణదోషంగా కుదించడం వల్ల కథ తేలికగా ముగుస్తుంది, వాస్తవం ముగియదు.

వాస్తవం ఏమిటి? 1908 వరదల తర్వాత మూసీని అదుపు చేయడానికి కట్టినవి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఆ జలాశయాల రక్షణకు 1996లో 111వ నంబరు జీవో వచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ప్రభుత్వమే మరో ఉత్తర్వు ఇచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే జరిపిన వేలంలో ఒకచోట ఎకరం నూరు కోట్లు దాటింది. వేలంపాట పాడించిన చేయి ఇక్కడ చట్టానిదే. దాని ముందు మన కథల్లోని కబ్జాదారు చిల్లర మనిషి!

నేల గురించి రాయడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన ‘మా భూమి’ నాటకం ఊరూరా ఆడింది. సాంబయ్య ఎకరానికి ఎకరం కూడబెట్టిన భూమి తర్వాతి తరం చేతుల్లో ఎలా కరిగిపోయిందో ‘మట్టి మనిషి’లో వాసిరెడ్డి సీతాదేవి చూపారు. పల్లె నేల గురించి ఇంత స్పష్టంగా పలికిన సాహిత్యం పట్నపు నేల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతున్నది?

నా సమాధానం వ్యాకరణంలో ఉంది. తెలుగులో ‘మన’ అంటే ఎదుటివాడు కూడా కలుస్తాడు. ‘మా’ అంటే కలవడు. ‘మా భూమి’లోని ‘మా’ దున్నేవాళ్లది. అది బయట నిలబెట్టింది భూస్వామిని. మన కథల్లోని ‘మా కాలనీ’ అనే ‘మా’ ఎవరిది? దస్తావేజు ఉన్నవాళ్లది. అది బయట నిలబెట్టింది అద్దెకున్నవాళ్లను, వాచ్‌మన్‌ను, ఇస్త్రీబండి నడిపే మనిషిని. రూపం ఒకటే, వర్గం తిరగబడింది. రచయిత ఈ ‘మా’ను కాలనీ సంఘం మినిట్సు పుస్తకంలోంచి ఎత్తి తన కథలో పెట్టుకున్నాడు, ఎత్తినట్టు తనకే తెలియదు.

ఈ మాట పరాయివాళ్ల మీద వేలు చూపడానికి అనడం లేదు. నాకూ నూటయాభై గజాల ఇల్లుంది, పక్కన చెరువుంది. చెరువు సంగతి తేల్చడానికి మా సంఘం సమావేశమైన రోజు రెండు పక్షాలయ్యాం. ఎఫ్‌టీఎల్ హద్దు లోపల ఇళ్లున్నవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాలు చూపి న్యాయమడిగారు. హద్దు బయటివాళ్లం కంచె, నడకబాట కావాలన్నాం. పర్యావరణం గురించి నేనే బాగా మాట్లాడానన్నారు. నడకబాట వస్తే గజానికి ఎంత పెరుగుతుందో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు. అద్దెకున్నవాళ్లకు సభ్యత్వం లేదు గనుక పిలుపూ లేదు. బయట బండి దగ్గర ఇస్త్రీ చేస్తున్న ఆమె నన్ను అడిగింది: “చెరువు మంచిగైతే కిరాయి పెరుగుతదా, సారూ?”

రెండు గంటల చర్చలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను నవ్వి ఊరుకున్నాను. మరుసటి ఏడు మా పైవాటా అద్దె నేనే పెంచాను.

2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసినప్పుడు ఈ ‘మా’ మరింత బయటపడింది. నది బాగుపడాలన్న కోరిక సరైనదే. ఆ ఒడ్డున బతికే మనిషి భయమూ సరైనదే. ఈ రెండు సరైనవాటి మధ్య ఘర్షణ ఎందుకు పుట్టిందో చూపగలిగితే అది కథ. ఒకదాన్ని ‘అభివృద్ధి’ అనీ, ఇంకొకదాన్ని ‘ఆక్రమణ’ అనీ పేర్లు పెట్టి మొదలుపెడితే అప్పుడే తీర్పు రాసేసినట్టు.

అలాగని ప్లాటు యజమానిని దుర్మార్గుణ్ణి చేసి, గుడిసెవాసిని దేవుణ్ణి చేయమని నేను కోరడం లేదు. అది మన అభ్యుదయ కథకు పాత జబ్బే. యజమానీ బాధితుడే, లబ్ధిదారుడూ అతడే. ఈ వైరుధ్యాన్ని పట్టుకోకుండా నగర మధ్యతరగతి మనస్తత్వం అంతుచిక్కదు.

ఏడో కథ సంగతి చెప్పలేదు. ఏటా ఇల్లు మారే ఒక కుటుంబంలోని పదేళ్ల పిల్ల, ఏ గోడకూ మేకు కొట్టనివ్వరు గనుక తన బొమ్మల కాగితాలను పెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంటుంది. ముగింపు బలహీనం, భాషలో తప్పులున్నాయి. బహుమతి రాలేదు. మార్కులు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఏడింటిలో ‘మా కాలనీ’ అనే మాట లేని కథ అదొక్కటే.