ఇంటిగదిలో కట్టే పాట

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పాట కట్టడం ఏనాడూ ఒంటరి పని కాదు. బతుకమ్మ చుట్టూ ఒకరు అందుకున్న చరణానికి తక్కినవారు వంత పలికే పద్ధతే నేడు కంప్యూటర్ ఉన్న ఇంటిగదిలోకి చేరిందనవచ్చు. ఆదిలాబాద్ ప్రాంతంలోని లింగాపూర్‌లో పుట్టిన కవి గూడ అంజయ్య (1955–2016) పాటలు నోటినోటా ఊళ్లు దాటగా, ఇప్పుడు ఒకరు సెల్‌ఫోన్‌లో పంపిన కూనిరాగానికి మరొకరు చరణాలు అల్లుతారు, వేరొకరు డప్పు దరువు జోడిస్తారు, గొంతును విడిగా రికార్డు చేసి, వాద్యాలతో దాని పాళ్లు కుదిర్చే మిక్సింగ్ చివరన చేస్తారు. అసలు నేర్పు ఇక్కడే ఉంది: లయకు కొలతగా చెవిలో మోగే క్లిక్ శబ్దం తు.చ. తప్పదు, డప్పు పట్టిన చేయి మాత్రం కాస్త ముందువెనుకలవుతుంది, ఆ తేడాను పూర్తిగా చెరిపేస్తే దరువులో ఊపు పోతుంది కనుక ఎంతవరకు సరిదిద్దాలో తెలిసినవారే మెచ్చదగినవారు. రచన, బాణీ, గానం, సంగీతం అంటూ పేర్లు విడివిడిగా వేయడం, పల్లెలో విన్న బాణీ అయితే ‘సేకరణ’ అని ఒప్పుకోవడం కూడా ఈ పనిలోని మర్యాదే.