పెద్దవాళ్లను ఏమడుగుతున్నాం?

తిన్నారా? మందులేసుకున్నారా? నిద్ర పట్టిందా? ఇంట్లో పెద్దవాళ్లను మనం రోజూ అడిగేవి ఈ మూడే. ప్రేమతోనే అడుగుతాం. కానీ మూడూ ఒంటి గురించే. తనకు తెలిసిన పని గురించి అడిగేవాళ్లు లేకపోవడమే వయసు మళ్లిన మనిషికి అన్నిటికన్నా పెద్ద లోటని నా నమ్మకం. కొన్నేళ్లుగా మా బుచ్చిరెడ్డిపాలెంలో సాయంత్రంపూట పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చేసిన పనుల గురించి అడిగి రాసుకుంటున్నాను. ఆ అలవాటే నాకీ నమ్మకాన్నిచ్చింది.

కనిగిరి రిజర్వాయర్ నీళ్ల కింద మొలగొలుకుల వడ్లు పండించిన ఒక రైతును విత్తనం ఎలా దాచేవారని అడిగాను. ‘అబ్బయ్యా, ఇప్పుడెవురికి కావాల ఇవన్నీ?’ అన్నాడు. ‘నాకు కావాల పెద్దాయనా’ అన్నాను. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టాడు. ఎండిందో లేదో తెలియాలంటే గింజ కొరికి చూడాలి, టక్కున విరగాలి. విత్తనానికి ఏ మడి ఉంచాలో కోతకు ముందే చూసుకోవాలి. తర్వాత నేను కనబడినప్పుడు పలకరింపులేం లేవు. మరిచిపోయిన ఇంకో సంగతి ముందు చెప్పి, ‘ఇది కూడా రాసుకో’ అన్నాడు.

పాత సంగతులు తవ్వుకోవడం చాదస్తమని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారు. అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఆ అభిప్రాయాన్ని ఖండించాడు. చివరిదశలో మనిషి తన బతుకును వెనక్కి తిరిగి చూసుకోవడం సహజమనీ, తేలని లెక్కలు అలాగే తేలతాయనీ అన్నాడు. ఆ చూపు కొందరిని దిగులులోకి తోస్తుందని కూడా ఆయనే హెచ్చరించాడు. అందుకే ఏడుపొచ్చే జ్ఞాపకాన్ని నేను బలవంతంగా లాగను.

జీవితాన్ని ఎనిమిది దశలుగా చూసిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ దృష్టిలో చివరి పరీక్ష ఒకటే: గడిచిన బతుకును నాదేనని నిండుగా ఒప్పుకోగలమా, వృథా అయిందని కుమిలిపోతామా? తర్వాతి తరానికి ఏదో అందించామన్న తృప్తి ఉన్నవాళ్లకు ఆ ఒప్పుకోలు సులువవుతుంది. అందించాలంటే మరి అందుకునేవాళ్లుండాలి.

పని ఆగాక కూడా అందించడానికి మన దగ్గర ఏదో మిగలాలి అనుకున్నప్పుడు మా ఊరివారైన బెజవాడ గోపాలరెడ్డి నాకు తరచూ గుర్తొస్తారు. 1907లో పుట్టారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా, కేంద్రమంత్రిగా చేసి, ఉత్తరప్రదేశ్ గవర్నర్ పదవి నుంచి 1972లో దిగారు. 1997లో కన్నుమూశారు. అంటే పదవుల తర్వాత దాదాపు పాతికేళ్ల జీవితం. శాంతినికేతన్‌లో చదువుకుని, రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చిన మనిషి ఆయన. సాహిత్యం మీది ఇష్టం పదవితో వచ్చింది కాదు కనుక పదవితో పోయేదీ కాదు. అలాంటి ఇష్టం ఒకటి నలభై ఏళ్లలోపే పెంచుకోవడం మంచిది. రిటైరయ్యాక వెతుక్కోవడం కష్టం.

అడగడం కూడా పనితనమే. ‘మీ కాలంలో ఎలా ఉండేది?’ అంటే ‘అంతా బాగుండేది’ అన్న జవాబు తప్ప ఏమీ రాదు. ‘ఆవకాయలో కారం, ఆవపిండి ఏ లెక్కన కలిపేవాళ్లు?’ అని అడిగితే అమ్మమ్మ చేతులు కదులుతాయి. తేదీలు తప్పితే సరిదిద్దకూడదు. మాట ఆగితే తొందరపెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పింది చేసి చూడాలి. చేసి, ఎలా వచ్చిందో వచ్చి చెప్పాలి. ఉట్టి పొగడ్త ఇవ్వలేని బలం ఆ కబురు ఇస్తుంది.

వాళ్లకు విశ్రాంతి ఇస్తున్నామనుకుని మనం చాలాసార్లు పనినీ, మాటనూ రెండింటినీ లాగేసుకుంటున్నాం. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక నోటుపుస్తకంతో కూర్చోండి. మందుల సంగతి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు వాళ్లకు బాగా వచ్చిన పని ఒకటి నేర్పమని అడగండి.