మూడు కాళ్ల దున్న

1937లో డెన్వర్ టంకశాలలో కొట్టిన కొన్ని అయిదు సెంట్ల నాణేల మీద దున్నకు మూడు కాళ్లే ఉంటాయి. ముందరి కుడికాలు కనిపించదు. దాని గిట్ట మాత్రం నేల మీద అలాగే ఉంటుంది. శిల్పి జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ ఒకవైపు అమెరికా ఆదివాసి ముఖాన్ని, రెండోవైపు ఈ అడవిదున్నను తీర్చాడు. 1913 నుంచి 1938 దాకా ముద్రించిన ఈ బిళ్ల అడ్డంగా కొలిస్తే రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంతలోనే ఆ మూపురం బరువునూ, వంచిన తలనూ, జూలునూ ఇమడ్చడం నాకు ఎన్నిసార్లు చూసినా అబ్బురమే. మన హైదరాబాద్ నాణేల మీద ఏడాది కింద నక్షత్రం గుర్తు ఉన్నట్టు, డెన్వర్ నాణేనికి ‘డి’ అక్షరం గుర్తు.

ఆ కాలు ఎలా పోయింది? నాణెం పడాలంటే రెండు ఉక్కు అచ్చుల మధ్యకు ఖాళీ బిళ్ల రావాలి. ఒక్కోసారి బిళ్ల రాకుండానే ప్రెస్సు దిగుతుంది. అచ్చులు రెండూ గుద్దుకుని, ఒకదాని గీతలు ఇంకోదాని మీద పడతాయి. ఆ గీతలు పోవడానికి పనివాడు అచ్చును రాపిడి పెడతాడు. ఈ అచ్చు మీద ఆ రాపిడి కాస్త ఎక్కువైంది. అచ్చులో అంతా తిరగబడి ఉంటుంది. కజ్జికాయల చెక్కలో గుంటగా ఉన్నదే పిండి మీద ఉబ్బుగా తేలినట్టు, అచ్చులోని గుంటే నాణెం మీద బొమ్మ అవుతుంది. మూపురం లోతైన గుంట. వెనకగా ఉన్న ఆ కాలు పైపై గుంట. పైతలం అరిగేకొద్దీ లోతు తక్కువగా ఉన్నదే ముందు చెరిగిపోతుంది. అందుకే మూపురం నిలిచింది, కాలు పోయింది.

ఈ నాణేనికి ధర ఎక్కువ కాబట్టి మామూలు దున్న కాలును ఆకురాయితో గీకి అమ్మేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ల పని పట్టుబడేది పొట్ట కింద. అసలు నాణెంలో దున్న పొట్ట కింది నుంచి నేల దాకా సన్నని చుక్కల వరుస ఒకటి ఉంటుంది. అచ్చు మీద పడిన చిన్న గుంటల ఆనవాళ్లు అవి, నాణెం మీద ఉబ్బుగా తేలతాయి. వెనక కాలు కూడా పురుగు తిన్నట్టు సన్నగిల్లి ఉంటుంది. గీకేవాడు లోహాన్ని తీయగలడు కానీ ఆ చుక్కల్ని పైకి లేపలేడు. పైగా గీకిన చోట తలం చుట్టుపక్కల కంటే కిందికి దిగి, గీతలతో గరుగ్గా ఉంటుంది.

ఈ ఒక్క నాణెంలో దొరికే సూత్రం దాదాపు అన్నిటికీ పనికొస్తుంది. అచ్చులో పుట్టిన పగులు నాణెం మీద ఉబ్బిన గీత. తర్వాత ఎవరో గీసిన గీత లోపలికి దిగి ఉంటుంది, దాని రెండు అంచులా లోహం ఎగదన్నుకుని ఉంటుంది. అంచు కొరికేసినట్టున్న బిళ్లను కూడా ఇలాగే పరీక్షించాలి. టంకశాలలోనే సరిగ్గా తెగని బిళ్ల అయితే, కోతకు ఎదుటి అంచు సాధారణంగా పలచబడి మాసినట్టుంటుంది. అంచు కట్టే యంత్రానికి అక్కడ ఒత్తిడి అందకపోవడమే కారణం. ఇంట్లో కత్తిరించిన నాణెంలో ఎదుటి అంచు నిండుగా ఉంటుంది.

ఫిలడెల్ఫియా టంకశాల 1955 సెంటు సంగతి వేరు. ఇక్కడ తప్పు ఇంకో మెట్టు పైన, అచ్చును తయారుచేసే దగ్గరే జరిగింది. అప్పట్లో ఉక్కు మీద బొమ్మను ఒకే నొక్కులో దింపలేకపోయేవాళ్లు. ఒకసారి నొక్కి, కాల్చి మెత్తబరిచి, మళ్లీ నొక్కేవాళ్లు. రెండోసారి కాస్త తిరిగిపోయింది. దాంతో ఏడాదీ, లింకన్ తల పైని వాక్యమూ, స్వేచ్ఛ అన్న మాటా జంటగా పడ్డాయి. ఇరవై వేలకు పైగా నాణేలు బయటికి వచ్చాయి. కొన్ని సిగరెట్ పెట్టెల యంత్రాల ద్వారా జనం చేతికి చేరాయి. పెట్టె 23 సెంట్లు, వేసేది పాతిక సెంట్ల నాణెం, చిల్లర రెండు సెంట్లు పెట్టె పొరలోనే ఉండేవి.

అసలైన జంట అక్షరాలు రెండూ గుండ్రంగా, నిండుగా, ఒకే ఎత్తులో ఉంటాయి. అక్షరాల కొసలు చీలి కనిపిస్తాయి. బిగువు సడలిన అచ్చు దెబ్బ పడిన వెంటనే జారితే వచ్చే జంట మాత్రం అక్షరం పక్కన చదునైన మెట్టులా ఉంటుంది. అదీ ప్రెస్సులో పుట్టిందే. కానీ అచ్చులో పుట్టిన జంట కాదు, సేకర్తలు దానికి విలువ ఇవ్వరు. అరిగిన అచ్చుతో పడిన 1955 సెంట్లను పేదవాడి జంట అచ్చు అని అమ్ముతారు. ఆ పేరు చూసి డబ్బు పెట్టవద్దని నా మాట.

1943 రాగి సెంటుకు కన్ను చాలదు, త్రాసు కావాలి. యుద్ధం కోసం రాగి మిగల్చడానికి ఆ ఏడాది సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. పాత రాగి బిళ్లలు కొన్ని ప్రెస్సుల్లోకి చేరిపోయాయి. అసలుది దాదాపు 3.11 గ్రాములు తూగుతుంది, అయస్కాంతానికి అంటదు. ఉక్కు సెంటుకు రాగి పూసినది 2.7 గ్రాములే, పైగా టక్కున అంటుకుంటుంది. రెండో రకం మోసం 1948లోని ఎనిమిదిని గీకి మూడు చేయడం. దాన్ని భూతద్దమే పట్టాలి.

వాషింగ్ మెషీన్ పక్కన డ్రైయర్‌లో చిక్కుకుని అంచులు మడతపడిన నాణేలూ, రెండింటిని వైస్‌లో బిగిస్తే అక్షరాలు తిరగబడి లోపలికి దిగినవీ, నాణేలను చుట్టలుగా చుట్టే యంత్రం గుండ్రంగా గీరినవీ టంకశాల పని కాదు. ఏ అచ్చూ అలాంటి ముద్ర వేయదు.

2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియాలో వాడుక కోసం కొట్టే సెంట్ల ముద్రణ ఆగిపోయింది. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో సెంట్ల డబ్బా ఒకటి తప్పక ఉంటుంది. బ్యాంకులో కుమ్మరించే ముందు పదింతల భూతద్దం, చిన్న త్రాసు పెట్టుకుని ఒకసారి చూడండి. అనుమానం తగిలినదాన్ని రుద్దకండి, కడగకండి. తోమిన మెరుపు నాణెం విలువను సగానికి పైగా తినేయగలదు.