చూసేవాళ్ళు ఒప్పుకుంటేనే మ్యాజిక్

‘మేజ్: ది అసెన్షన్’ని అమెరికన్ కంపెనీ వైట్ వుల్ఫ్ 1993లో విడుదల చేసింది. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతోనే కథ నడిపే ఆట. తేల్చుకోవాల్సిన చోట పది ముఖాల పాచికలు వేస్తారు. మొత్తాన్ని నడిపించే మనిషి స్టోరీటెల్లర్. కథ ఈ కాలపు నగరాల్లోనే జరుగుతుంది, కాకపోతే అక్కడ మెట్రో ఎక్కే జనంలో మాంత్రికులు కూడా ఉంటారు.

ఫాంటసీ గేముల్లో మ్యాజిక్ అంటే మామూలుగా ఒక జాబితా. ఫలానా మంత్రం, ఇంత దూరం, ఇంత దెబ్బ. ఏపీఐ డాక్యుమెంటేషన్ చదివినట్టే ఉంటుంది, ఆఫీసులో చదివింది చాలదన్నట్టు. మేజ్‌లో అలా కాదు. కాలం, పదార్థం, మనసు, ప్రాణం వగైరా తొమ్మిది స్ఫియర్లున్నాయి. వాటిలో మీకెంత పట్టుందో చూసుకుని, ఏం చెయ్యాలో మీరే ఊహించుకోవాలి.

అడ్డంకల్లా వాస్తవమే. ఈ ప్రపంచంలో ఎక్కువమంది నమ్మిందే వాస్తవం. సైన్సు కూడా టెక్నోక్రసీ అనే ముఠా జనాన్ని ఒప్పించి నిలబెట్టిందే. కాబట్టి మ్యాజిక్ రెండు రకాలు: చూసినవాళ్ళు ‘ఏదో అలా జరిగిందిలే’ అనుకునే కాకతాళీయం, ఎలాగూ సర్దిచెప్పుకోలేని బాహాటం. శత్రువు కారు టైరు పేలితే మొదటిది. కారు గాల్లోకి లేస్తే రెండోది. అప్పుడు పారడాక్స్ పేరుతో వాస్తవం తిరగబడి మాంత్రికుణ్ణే కొడుతుంది.

మరి ఆ చూసేవాళ్ళెవరు? అక్కడ నిజంగా నిలబడ్డ మనుషులా, లేక ఎవరూ లేకపోయినా మనం ఊహించుకోవాల్సిన ఒక సగటు సాక్షా? ఆడేవాళ్ళ మధ్య తెగని తగువు ఇది. నాకు జవాబు పాచికల లెక్కలో కనిపిస్తుంది. వాడే స్ఫియర్ స్థాయికి, కాకతాళీయమైతే 3, బాహాటమైతే 4, బాహాటమై పైగా మామూలు మనుషులెవరైనా చూస్తుంటే 5 కలపాలి. పాచిక ఆ అంకెని అందుకోవాలి. మధ్యలో ఉన్న ఆ 4 చూడండి. ఎవరూ చూడకపోయినా బాహాటం బాహాటమే అంటోంది. అంటే సాక్షి ఊహల్లోనే ఉన్నాడు. రూల్స్‌లో అతనికి ముఖం లేదు కానీ ఆట దగ్గర మాత్రం ఉంది: స్టోరీటెల్లర్‌ది.

ఇక్కడే నాకు పేచీ. ఈ సగటు సాక్షికి ఉన్నది తొంభైల నాటి అమెరికన్ నగరవాసి ఇంగితజ్ఞానం. అదే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ఒక స్వస్థత కూటమిలో, ప్రార్థనకి గాయం మానిందనుకోండి. ఆ గుడారంలో ఉన్న వందలమందికి అందులో వింతేమీ లేదు. మన సాక్షి మాత్రం బాహాటం అంటాడు. చోటుని బట్టి నమ్మకం మారుతుందని పుస్తకాలు ఒప్పుకుంటాయి, నిజమే, కానీ అది మినహాయింపులాగే మిగిలిపోతుంది. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా ఆదివాసీ షామన్లందరినీ డ్రీమ్‌స్పీకర్స్ అని ఒకే గంపలో వెయ్యడం, భారతదేశంలో వేళ్ళున్న సంప్రదాయానికి యూథనాటోస్ అని గ్రీకు పేరు పెట్టడం కూడా ఆ చూపే.

ఇంకో పెద్ద చిక్కుంది. సైన్సుని నడిపేవాళ్ళు విలన్లు, వాస్తవం ఓట్లతో తేలుతుంది అనడం 1993లో తిరుగుబాటులా అనిపించి ఉంటుంది. కోవిడ్ టీకాల మీద వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూశాక అలా చదవడం నావల్ల కావడం లేదు. ఆట లెక్కన సరిపడా జనం నమ్మడం మానేస్తే టీకా నిజంగానే పనిచెయ్యదు. 1854లో లండన్‌లో కలరా చెడుగాలి వల్ల వస్తుందనే ఎక్కువమంది నమ్మారు. చంపింది నీళ్ళు.

అందుకే దీన్ని ప్రపంచం గురించిన సిద్ధాంతంగా కాక, కథ చెప్పడం గురించిన నియమంగా చదువుతాను. ‘గ్యాస్ పైపు ముందే లీకవుతోంది, ఎవరో సిగరెట్ పారేశారు’ అంటూ ఆటగాడు స్టోరీటెల్లర్‌ని ఒప్పించడానికి తంటాలు పడతాడు చూడండి, రియలిస్టు నవలాకారుడు రోజూ చేసే పని అదే. ఒప్పిస్తే మంట, లేదంటే పారడాక్స్. మేజ్‌లో నాకు నచ్చేది ఆ బేరమే. మిగతా ఆటల్లో ఫైర్‌బాల్‌కి ఎవరూ కారణం అడగరు.

ఆడాలనుకుంటే ఇరవయ్యేళ్ళ సందర్భంగా తెచ్చిన ఎడిషన్ ఉంది, ఏడొందల పేజీలకి దగ్గర. మొదటి రోజు పాత్రలు తయారుచేసుకునే ముందే, మీ బల్ల దగ్గరి సాక్షి ఏ ఊరివాడో, వేటిని నమ్ముతాడో మాట్లాడుకోండి.