రెండు తెలుపులు: స్థలాకృతి పటాలలో కంచ భూములు

సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన స్థలాకృతి పటాలను మన పరిశోధకులు ఎక్కువగా ఊళ్ల ఉనికిని నిర్ధారించుకోవడానికే వాడుతున్నారు. కాని పటం కూడా ఒక రచనే. దానికీ దృక్పథం ఉంటుంది, మౌనం ఉంటుంది. కంచ భూముల విషయంలో ఆ మౌనం రంగు తెలుపు.

ఈ పటాలలో సాగునేలకు పసుపు, చెట్లున్న నేలకు ఆకుపచ్చ, నీటికి నీలం కేటాయించారు. ఈ మూడూ కాని బయలు తెల్లగా మిగులుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు పండించిన బోధన్ ప్రాంతాన్ని ఈ వర్ణక్రమం చక్కగా చెప్పగలదు. నవీపేట సంతకు వచ్చే మేకలు ఎక్కడ మేశాయో మాత్రం చెప్పలేదు. మేతకు రంగు లేదు. తెలుపునకు అర్థం సాగు లేదని. వాడుక లేదని కాదు. పాలనా దృష్టి ఈ తేడాను చెరిపివేసి, సాగులేని నేలను ఖాళీ నేలగా చదివింది.

తెలంగాణలో కంచ అంటే గడ్డికి, మేతకు విడిచిన నేల. హైదరాబాదు శివారులోని ఇమారత్ కంచ పేరిట 1988లో క్షిపణి పరిశోధన కేంద్రం ఏర్పడింది. దాని చిరునామా నేటికీ ‘విజ్ఞాన కంచ’. మేత పోయింది, మాట మిగిలింది. అనంతపురం సరిహద్దుకు ఆవల చిత్రదుర్గ జిల్లా చళ్లకెరెలో, మైసూరు రాజుల అమృత్‌మహల్ పశువుల కావలి నేలపై, 2017లో సైనిక విమాన పరీక్షా క్షేత్రం ప్రారంభమైంది.

ఇక్కడే రెండో తెలుపు మొదలవుతుంది. 2005 నాటి జాతీయ పటాల విధానం రక్షణ శ్రేణిని, బహిరంగ శ్రేణిని వేరుచేసింది. పౌరులకు అందే పటంలో సైనిక స్థావరాలు కనిపించవు. మొదటి తెలుపు విలువ లేదన్న అంచనా. రెండోది విలువ పెరిగినందువల్ల వచ్చిన గోప్యత. రెండింటిలోనూ కాపరి లేడు.

అయినా పటాన్ని తిరస్కరించడం తొందరపాటు. తెల్లని భాగాలలోనే కాలిబాటలను తెలిపే ఎర్రని చుక్కలు, బావులు, ఎండిన వాగులు, ‘కంచ’ అన్న ఊరిపేర్లు ఉంటాయి. ఎవరూ నడవని చోట బాట పడదు. ఈ గుర్తులను సేత్వార్‌తోను, 1954-55 ఖాస్రా పహాణీతోను సరిచూడాలి. అయితే పహాణీ పట్టాదారును చెబుతుంది. కాపరికి పట్టా లేదు. భూమి చేతులు మారేటప్పుడు కాగితం లేనివాని హక్కు లెక్కకు రాదు. కనుక కాపరుల మౌఖిక సాక్ష్యం ఈ పఠనంలో అనుబంధం కాదు, మూలాధారం.