ఫైల్లో మిగిలిపోయిన రికార్డు

వినైల్ శబ్దమే గొప్పదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. న్యూయార్క్ డిస్కో నుంచి డిట్రాయిట్ టెక్నో దాకా 12 అంగుళాల రికార్డు ఇచ్చింది అంతకన్నా పెద్దది: పాటకో ఆకారం. ఒక వైపంతా ఒకే పాటైతే గాడి వెడల్పుగా పడుతుంది, బేస్ గట్టిగా పలుకుతుంది, పాట 8 నిమిషాలైనా సాగుతుంది. మొదట్లో ఉత్త డ్రమ్సే ఎందుకంటే, టెక్నిక్స్ టర్న్‌టేబుల్ మీద డీజే రెండు పాటల వేగాన్ని చేత్తో కలపడానికి వ్యవధి కావాలి.

2004లో బీట్‌పోర్ట్ వచ్చింది. పాట ఫైలయింది. ఇప్పుడు వేగం కలపడం సింక్ బటన్ పని. అయినా ఆ డ్రమ్స్ అలాగే ఉన్నాయి, పాత సిస్టమ్ కోసం రాసి ఎవరూ తీసెయ్యని కోడ్‌లాగా. రికార్డులు కొనే స్థోమత లేనివాళ్లకి డౌన్‌లోడ్ తలుపు తీసింది, దాన్ని మూయమనను. ఫైలుకే సాధ్యమైన ఆకారంలో పాట కట్టేవాళ్లు ఎందుకింత తక్కువ? నా అడుగుడు అదీ.