భామ జడలో మూలా నక్షత్రం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కన్నా ముందు మనకు కనిపించేది ఆమె జడ. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా పొడవాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. అది సవాలని పెద్దలు చెబుతారు. శాస్త్రంలోనో అభినయంలోనో నన్ను ఓడించగలవారు సభలో ఉంటే ముందుకు రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తాను అని దాని అర్థమట. తెలుగు రంగస్థలం మీద ఒక స్త్రీ పాత్ర ఇంత ధాటీగా ప్రవేశించడం అరుదు.

అయితే ఆ జడ మీద వచ్చిన వ్యాఖ్యానాల్లో ఈ సవాలు త్వరగా పక్కకు తప్పుకుంటుంది. జడబిళ్ళలు 27 నక్షత్రాలనీ, పాపిడికి అటూ ఇటూ పెట్టేవి సూర్యచంద్రులనీ, తల మీది నాగరం ఆదిశేషుడనీ చెబుతారు. చెప్పేవారిని బట్టి వివరాలు కొంత మారినా సారాంశం మాత్రం ఒక్కటే: సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, జడ విశ్వానికి ప్రతీక. నృత్య పాఠాల్లో, సెమినార్ పత్రాల్లో, ప్రదర్శనకి ముందు చెప్పే నాలుగు మాటల్లో ఇదే వింటున్నాం.

ఈ అర్థం తప్పా ఒప్పా అన్నది నా ప్రశ్న కాదు. ఇది ఏం పని చేస్తోంది అన్నది నా ప్రశ్న. భర్తతో తగవు పడి, విరహంతో వేగిపోయి, ఉత్తరం రాసి పంపే మనిషిని జీవాత్మ అనగానే ఆమె కోపానికి కారణాలు వెతకనక్కర్లేకుండా పోతుంది. కోపం అహంకారమవుతుంది, అహంకారం అణగవలసిందే అవుతుంది. ఆలుమగల మధ్య తగవులో ఎవరి తప్పెంత అని అడిగే చోటే మిగలదు.

ప్రతీకలకి అర్థాలు పుట్టుకతో రావు. ఎవరో, ఎప్పుడో తెచ్చి తొడుగుతారు. మన జడ విషయంలో ఆ తేదీలు చెప్పడం కష్టం గానీ, టారో కార్డుల విషయంలో సులువు. 15వ శతాబ్దపు ఇటలీలో అవి ఉత్త ఆట ముక్కలు. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాన్ అనే పండితుడు అవి ప్రాచీన ఈజిప్టు రహస్య విద్య అని రాశాడు. 19వ శతాబ్దం చివర లండన్లో గోల్డెన్ డాన్ అనే మార్మిక సంఘం ఒక్కో కార్డుకి ఒక గ్రహాన్నో రాశినో జత చేసింది. అలా 17వ కార్డు ‘నక్షత్రం’ కుంభరాశికి చెందింది.

ఆ కార్డుకి ఇవాళ మనకు బాగా తెలిసిన రూపం ఇచ్చింది పమేలా కోల్మన్ స్మిత్. ఆకాశంలో ఒక పెద్ద చుక్క, చుట్టూ ఏడు చిన్న చుక్కలు. కింద ఒక నగ్న స్త్రీ మోకాలి మీద వంగి, ఒక పాదం నీటిలో మోపి, రెండు కుండల నీళ్ళు ఒకటి కొలనులోకీ ఒకటి నేల మీదికీ పోస్తుంటుంది. 1909లో లండన్లో రైడర్ సంస్థ 78 కార్డులతో ఆ కట్టను ప్రచురించింది. అన్నిటికీ బొమ్మలు వేసింది పమేలాయే. పని చాలా పెద్దది, డబ్బు చాలా కొంచెం అని ఆ ఏడే ఒక మిత్రుడికి ఉత్తరం రాసుకుంది. కట్టకి మాత్రం ప్రచురణకర్త పేరూ, వ్యాఖ్యానం రాసిన వెయిట్ పేరూ కలిపి ‘రైడర్-వెయిట్’ అని పేరు స్థిరపడింది. ఆమె గుర్తు బొమ్మ మూలన చిన్న గీతల్లో ఉండిపోయింది. 1951లో అప్పులతో చనిపోయింది. ఆమె పేరు కూడా చేర్చి చెప్పడం ఈ మధ్య కాలపు అలవాటు.

వ్యాఖ్యాత పేరు పైకి వచ్చి, గీసిన చెయ్యి మూలన పడటం మనకు కొత్త కాదు. ఊళ్ళో పుట్టిన ప్రతి బ్రాహ్మణ మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని కూచిపూడిలో చెప్పుకుంటారు. ఆ మాటలో ఆడపిల్ల లేదు. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్ళు ఆ అభినయాన్ని మరవలేరు. ఆ కళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అదే వీధిలో, అవే ఇళ్ళలో ఉన్న స్త్రీల సంగతేమిటి? హర్షిత మృత్తింటి కామత్ 2019లో వెలువరించిన ‘ఇంపర్సొనేషన్స్’ పుస్తకం చివరి అధ్యాయం ఆ స్త్రీల గురించే, ఆడాలని ఉండీ ఆడలేకపోయిన వాళ్ళ గురించే. ఇక గోదావరి డెల్టాలో భామాకలాపం ఆడిన కలావంతుల స్త్రీలు 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత క్రమంగా వేదికకి దూరమయ్యారు. వెంపటి చినసత్యం గారి మద్రాసు శిక్షణతో ఎందరో అమ్మాయిలు ఆ జడ వేసుకున్నారు. జడతో పాటు ఆ పాత వ్యాఖ్యానం కూడా వాళ్ళకి చేరింది.

ఆ 27 చుక్కల్ని ఇప్పుడు రంగస్థలం దించి ఇంట్లోకి తెద్దాం. ఆశ్లేషలో పుట్టిన కోడలు అత్తగారికి గండం. మూల అయితే మామగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి. ఆడపిల్ల పెద్దమనిషైన వేళ కూడా నక్షత్రం చూసి, మంచిది కాకపోతే శాంతి చేయిస్తారు. నాది మూల. ఆ ఒక్క మాటతో వెనక్కి వెళ్ళిన సంబంధం మా ఇంట్లోనూ ఉంది. నాన్న ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టిన తీరు ఇప్పటికీ గుర్తే.

భామ జడలో మూల కూడా ఉంది. ఆశ్లేషా ఉంది, జ్యేష్ఠా ఉంది, విశాఖా ఉంది. వాటిని తీసెయ్యమని ఎవరూ అనరు. వేదిక మీద విశ్వానికి ఆభరణమైన నక్షత్రం పెళ్ళిచూపుల్లో పిల్లకి కళంకమవుతోంది. స్త్రీ ప్రతీకగా ఉన్నంతసేపూ చుక్కలన్నీ ఆమెవే. మనిషి కాగానే ఆ చుక్కలే ఆమెను తూకం వేస్తాయి.

కలాపంలోనే మరో నగ ఉంది. దాని మీద ఇంత వ్యాఖ్యానం నాకు కనిపించలేదు. కృష్ణుణ్ణి తీసుకొస్తే ఏమిస్తావని మాధవి బేరం పెట్టి, చివరికి సత్యభామ ముక్కర అడుగుతుంది. అది ఐదోతనపు గుర్తు, ఇవ్వడానికి మనసొప్పదు. అయినా తీసి ఇస్తుంది. జడతో సభని సవాలు చేసిన మనిషి మొగుడి రాక కోసం ముక్కర ఒలిచి ఇవ్వడం వరకూ వచ్చిన ఆ దారే నాకు కలాపంలో అసలు కథ అనిపిస్తుంది. ఆ బేరం చూసి మనం నవ్వుతాం. జీవాత్మకి ముక్కర ఎందుకో, దాన్ని ఇవ్వడం అంత కష్టమెందుకో మాత్రం అడగం.

భామాకలాపాన్ని పాఠంగా చెప్పే మనం ఇకనైనా ఈ రెండు నగల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. జడ తెర మీద పడినప్పుడు చుక్కలు లెక్కపెట్టడం కాసేపు ఆపి, ఆమె ఎవరిని సవాలు చేస్తోందో వినాలి.